సెన్సార్ మంచిగనే ఉంది, కరెంటే వస్తలేదు

సోయా కోతలు అయిపోయి, బస్తాలు ఇంకా అమ్ముడుపోని రోజులవి. జుక్కల్‌లో వాకిట్లో బస్తాల పక్కనే పది రోజులు కదలకుండా నిలబడ్డ కారును పొద్దున్నే స్టార్ట్ చేశాను. మీటర్ల మధ్య పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది, ఆరలేదు. బండి మాత్రం బాగానే నడుస్తోంది. పికప్ తగ్గలేదు, మిస్సింగ్ కొట్టడం లేదు. ఏ బాధా లేని బండికి ఆ లైటెందుకు వచ్చిందో అర్థం కాక కంగారు పడ్డాను.

దారిలో తగిలిన మొదటి షెడ్డులో స్కానర్ పెట్టారు. పీ0135 అని చూపించింది. "ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నా, కొత్తది ఎయ్యాలె" అన్నారు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఖర్చు వేలల్లో. బానెట్ మాత్రం ఎవరూ ఎత్తలేదు. "పోనీ లైటు కొట్టేయాల్నా?" అని కూడా అడిగారు. వద్దన్నాను, స్క్రీన్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకుని వచ్చేశాను. ఆ ఫోటోయే తర్వాత అక్కరకొచ్చింది.

లైటు కొట్టేయడం గురించి ఇక్కడే చెప్పాలి. కోడ్ చెరిపేస్తే దానితో పాటు ఇంకో విలువైన సంగతి పోతుంది. లోపం తగిలిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడి మీద ఉంది వంటి వివరాలను కంప్యూటర్ దాచిపెడుతుంది. చాలా బండ్లలో బ్యాటరీ టెర్మినల్ పీకినా అవి పోతాయి. అసలు లోపం అలాగే ఉంటే నాలుగు రోజులకు లైటు మళ్లీ వస్తుంది, మెకానిక్‌కు మాత్రం ఆనవాలు మిగలదు.

అన్ని లైట్లకూ ఇంత నిదానం పనికిరాదు. ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. "ఊరు వచ్చిందాకా పోదాం" అనుకుంటే ఇంజినే పోతుంది. టెంపరేచర్ లైటు ఎర్రబడినా అంతే. ఆపి చల్లారనివ్వాలి, వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. పసుపు ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే జాగ్రత్తగా నడిపి చూపించుకోవచ్చు. అదే లైటు టపటపా కొట్టుకుంటుంటే ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని అర్థం. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడున్న ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

ఈ కోడ్‌ల పద్ధతి పొగ మీద అదుపు కోసం పుట్టింది. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారుకూ ఒకే రకం 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు తప్పనిసరయ్యాయి. మన దేశానికి కాలుష్య నిబంధనలతో పాటే దశలవారీగా వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చాక సెన్సార్లు ఇంకా పెరిగాయి. తెలుగు, మరాఠీ, కన్నడ కలిసిపోయే ఈ మూలన, పిట్లంలోనైనా దెగ్లూరులోనైనా ఔరాద్‌లోనైనా పీ0135కు ఒకటే అర్థం.

ఆ అర్థం "సెన్సార్ పోయింది" అని మాత్రం కాదు. ఆక్సిజన్ సెన్సార్ వేడెక్కితేనే పనిచేస్తుంది, అందుకని దాని లోపల చిన్న హీటర్ పెడతారు. ఆ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందన్నదే ఆ కోడ్. సర్క్యూట్ అంటే హీటరే కాదు, ఫ్యూజు, వైరు, కనెక్టర్, ఎర్త్ అన్నీ వస్తాయి. పీ0420 వస్తే కన్వర్టరే మార్చమనేవాళ్లున్నారు. సైలెన్సర్ పైపు దగ్గర గాలి లీకైనా ఆ కోడ్ రావచ్చు.

రెండో షెడ్డులోని కుర్రాడు ఫోటో చూసి, సెన్సార్ ప్లగ్గు పీకి మల్టీమీటర్ పెట్టాడు. హీటర్ కొలత సరిగానే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బండి వైపు వైరులో 12 వోల్టులకు తగ్గకుండా రావాలి. మీటరు సున్నా దగ్గరే నిలిచింది.

"సెన్సార్ మంచిగనే ఉందన్నా, దానికి కరెంటే వస్తలేదు."

ఫ్యూజు చూశాడు, బాగుంది. వైరు వెంటే వేలు పెట్టుకుంటూ వెళ్లి ఇంజిన్ పైమూత ఎత్తాడు. కింద సోయా పొట్టు, గింజలు, పీచు. ఎలుక గూడు పెట్టింది. నన్ను పిలిచి, కొరికిన వైరును వేలితో చూపించాడు. దాన్ని అతికి, సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, మళ్లీ వోల్టులు కొలిచాకే కోడ్ తీసేశాడు.

"ఎంత తమ్మీ?" అంటే, వైరు పనికి కొంచెం, చూసినందుకు అంతకంటే ఎక్కువ చెప్పాడు. ఒక క్షణం బేరమాడబోయి నోరు మూసుకున్నాను. మనం తప్పు చేసేది ఇక్కడే. సామాను మారిస్తే వేలు ఇస్తాం, గంటసేపు వెతికితే "ఏం జేసినవ్, వైరు అతికినవ్ అంతేగా" అంటాం. వెతికినందుకు కూలి దొరకనివాడు సామాను అమ్ముకునే బతకాలి. అవసరం లేని సెన్సార్లు మన బండ్లలోకి అట్లానే వచ్చి చేరుతున్నాయి. నేనైతే ఇప్పుడు షెడ్డులో ముందే చెబుతున్నాను: చూసినందుకు వేరే ఇస్తాను, ఏం కొలిచావో చూపించు, సామాను మారిస్తే పాతది నా చేతికియ్యి. ఈ మాటకు మొహం చిట్లించని మనిషి దగ్గరే బండి వదులుతాను.

మెకానిక్‌ల వైపు కష్టమూ చిన్నది కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అసలు విడిభాగాలు, లోపం పట్టే పరికరాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది అందులో ప్రధానాంశం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కంపెనీ వర్క్‌షాపు కోసం కామారెడ్డి వైపో నిజామాబాద్ వైపో వెళ్తే ఒక రోజు పని పోయే మాలాంటి ఊళ్లకు, ఊరి షెడ్డుకు ఆ సమాచారం అందడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

డీజిల్ బండ్లవాళ్లకు ఇంకో మాట. పొలానికీ ఇంటికీ మధ్యే తిరిగే బీఎస్-6 డీజిల్ బండిలో మసి పట్టే ఫిల్టర్ నిండిపోయి పసుపు లైటు వస్తుంది. ఆ మసి కాలాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. గల్లీల్లో అది పుట్టదు. లైటు కొత్తగా వచ్చినప్పుడే బండి పుస్తకంలో చెప్పినట్టు, పిట్లం, మద్నూర్ మీదుగా పోయే 161వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఒక ఇరవై నిమిషాలు ఆపకుండా ఒకే ఊపున నడిపితే చాలాసార్లు దానంతటదే ఆరిపోతుంది. పట్టించుకోకుండా నెలలు తిప్పితే షెడ్డుకు పోక తప్పదు.

మా ఇంట్లో సోయా బస్తాలు మరుసటి రోజే వెనక కొట్టంలోకి మారాయి. వారానికోసారి బానెట్ ఎత్తి చూస్తున్నాను. మొన్న బ్యాటరీ పక్కన మళ్లీ నాలుగు గింజలు కనిపించాయి, చీపురు తీసుకుని ఊడ్చేశాను.