వెయ్యి వాలెట్లు, ఒకే జేబు

2025 ఫిబ్రవరి 14న అర్జెంటీనా అధ్యక్షుడు హావియర్ మిలే ఎక్స్‌లో ఒక పోస్టు పెట్టారు. దేశంలోని చిన్న వ్యాపారాలకు పెట్టుబడి అందుతుందంటూ ‘లిబ్రా’ అనే క్రిప్టో టోకెన్‌ను జనానికి పరిచయం చేశారు. చూస్తుండగానే దాని మార్కెట్ విలువ దాదాపు 450 కోట్ల డాలర్లకు ఎగబాకింది. కొన్ని గంటల్లో కుప్పకూలింది. మిలే ఆ పోస్టు తీసేసి, వివరాలు తనకు తెలియవన్నారు. ఈలోగా బబుల్‌మ్యాప్స్ అనే విశ్లేషణ సంస్థ చిన్నాపెద్దా వృత్తాలతో, వాటిని కలిపే గీతలతో ఒక బొమ్మ బయటపెట్టింది. అది చెప్పిన సంగతి ఒక్కటే. మొత్తం లిబ్రా టోకెన్లలో 82 శాతం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న వాలెట్ల గుంపు చేతిలోనే ఉన్నాయి.

1973 భూపరిమితి చట్టం నాటి సంగతులు మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. భూమి బావమరిది పేరు మీద ఎక్కేది, పాలేరు పేరు మీద ఎక్కేది, పంట మాత్రం ఒకే గాదెకు చేరేది. టోకెన్ల బినామీ వ్యవహారమూ ఇంతే. కాకపోతే ఇక్కడ రిజిస్టరు లోకమంతటికీ తెరిచే ఉంటుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత పంపారో బ్లాక్‌చెయిన్‌లో ఎవరైనా చూడొచ్చు. పేర్లే ఉండవు. పేరు ఉండాల్సిన చోట ఆ వాలెట్ చిరునామా ఉంటుంది. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో అయితే 0ఎక్స్ అన్న రెండు అక్షరాల తర్వాత మరో 40 అక్షరాలు, అంకెలు.

అందుకే ‘మా టోకెన్‌కు ఇంతమంది హోల్డర్లున్నారు’ అన్న ప్రకటన చూసి మురిసిపోకూడదు. అది మనుషుల లెక్క కాదు, చిరునామాల లెక్క. చిరునామా పుట్టించడానికి ఎంతవుతుంది? లిబ్రా నడిచింది సొలానా అనే మరో బ్లాక్‌చెయిన్ మీద. అక్కడ ఒక వాలెట్‌లో కొత్త టోకెన్ దాచుకోవాలంటే దాని కోసం ఒక ఖాతా తెరవాలి. అందుకు 2025లో సుమారు 0.00204 సొల్ (సొలానా సొంత నాణెం) డిపాజిట్ కట్టాల్సి వచ్చేది. వెయ్యి వాలెట్లకు 2.04 సొల్. సొల్ ధర 200 డాలర్లనుకుంటే మొత్తం 408 డాలర్లు, అప్పటి మారకపు రేటులో సుమారు 35 వేల రూపాయలు. వెయ్యిమంది హోల్డర్లు తయారు! పైగా ఆ ఖాతాలు మూసేస్తే డిపాజిట్ తిరిగి వచ్చేస్తుంది కూడా.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. ఒక్కో వృత్తం ఒక్కో వాలెట్. వృత్తం ఎంత పెద్దదైతే టోకెన్లలో దాని వాటా అంత ఎక్కువ. మామూలుగా వాటాను బట్టి మారేది వృత్త వైశాల్యం. అంటే 82 శాతం ఉన్న వృత్తం అడ్డుకొలత, 1 శాతం వృత్తానికి 82 రెట్లు ఉండదు, 9 రెట్లే ఉంటుంది. మన కన్ను అడ్డుకొలతనే పట్టుకుంటుంది కాబట్టి, పెద్ద వాటా అసలు కంటే చిన్నదిగా అనిపిస్తుంది. వృత్తాన్ని చూశాక పక్కనున్న శాతాన్ని కూడా చదవాలి.

అసలు సమాచారం వాలెట్ల మధ్య లావాదేవీలను చూపే గీతల్లో ఉంది. నూరు వాలెట్లున్న టోకెన్ ఒకటి ఊహించుకోండి, తలా ఒక శాతం. ఇంతకంటే సమానమైన పంపకం ఉండదు. మార్కెట్లో గుత్తాధిపత్యం కొలిచేందుకు ఆర్థికవేత్తలు వాడే హెర్ఫిండాల్ సూచీతో లెక్కేస్తే, అంటే ఒక్కో వాటాను వర్గం చేసి అన్నీ కూడితే, వచ్చేది 100. ఇప్పుడు వాటిలో 82 వాలెట్లు ఒకరివేనని గీతలు చెప్పాయనుకోండి. 82 వర్గం 6,724, మిగిలిన 18 కలిపితే 6,742. అమెరికా పోటీ చట్టాల అధికారులు 1,800 దాటితేనే ఆ మార్కెట్ కొందరి గుప్పిట్లో ఉందంటారు. హోల్డర్ల పట్టికలో ఒక్క అంకె మారలేదు. మారింది గీతలే.

గీత ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా మొదటి ఖర్చు నుంచి. కొత్త వాలెట్‌లో కోట్ల టోకెన్లున్నా, ఫీజు కట్టడానికి కాస్త ఈథర్ (ఇథీరియం నాణెం) లేదా సొల్ లేకపోతే వాటిని కదపలేం. ఆ మొదటి చిల్లర ఎవరో పంపాలి. ఒకే వాలెట్ ముప్పై కొత్త వాలెట్లకు పది నిమిషాల తేడాలో సమాన మొత్తాలు పంపి, ఆ ముప్పైయీ టోకెన్ విడుదలైన తొలి క్షణాల్లోనే కొంటే, అది కాకతాళీయం అనుకోవడం కష్టం. ఈ విద్య కొత్తదేం కాదు. ఒకే లావాదేవీలో పలు చిరునామాల డబ్బు కలిస్తే అవన్నీ ఒకరివేనని తెలిసిపోతుందని బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో 2008 నాటి బిట్‌కాయిన్ పత్రంలోనే ఒప్పుకున్నాడు. 2013లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి సూత్రాలతోనే లక్షల చిరునామాలను గుంపులుగా విడదీశారు.

ఇలాంటి గీతల వెంటే వెళ్లి, లిబ్రా వెనకున్న వాలెట్లకూ అంతకు నెల ముందు వచ్చిన మెలానియా ట్రంప్ టోకెన్‌కూ సంబంధం ఉందని బబుల్‌మ్యాప్స్ చెప్పింది. లిబ్రా నిర్వాహకుల్లో ఒకరైన హేడెన్ డేవిస్, మెలానియా టోకెన్‌లోనూ తన పాత్ర ఉందని తర్వాత ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. మోసం మాత్రం కాదన్నాడు.

అయితే ప్రతి పెద్ద వృత్తమూ దొంగ కాదు. షిబా ఇను టోకెన్‌నే తీసుకోండి. సృష్టించిన టోకెన్లు వెయ్యి లక్షల కోట్లు. అందులో సగం, అడగకుండానే, ఇథీరియం సహ వ్యవస్థాపకుడు విటాలిక్ బ్యూటెరిన్ చిరునామాకు పంపేశారు. ఆనాడు బొమ్మ గీసి ఉంటే సగం ఆయనదేననిపించేది. 2021 మేలో ఆయన అందులో దాదాపు 50 లక్షల కోట్ల టోకెన్లను భారత కోవిడ్ సహాయ నిధికి ఇచ్చారు. ఆ రోజు ధరలో వాటి విలువ సుమారు 100 కోట్ల డాలర్లు. కొద్దిరోజులకే మరో 410 లక్షల కోట్లను ఎవరి దగ్గరా తాళంచెవి లేని చిరునామాకు పంపి శాశ్వతంగా తగలేశారు. అప్పటి నుంచి షిబా హోల్డర్ల పట్టికలో అగ్రస్థానం, సుమారు 41 శాతం వాటాతో, ఆ బూడిద చిరునామాదే. యజమాని లేని యజమాని అన్నమాట.

క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీల సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఒక్క వృత్తంలో లక్షలమంది సొమ్ము ఉంటుంది. 2024 జులై 18న మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా పోయినప్పుడు ఖాళీ అయింది ఒక్కటే వాలెట్. నష్టపోయినవారిలో హైదరాబాద్, విజయవాడల వాళ్లెంతమందో బొమ్మ చెప్పలేదు, ఎందుకంటే వాళ్ల పేర్లున్నది కంపెనీ సొంత పద్దుల్లో. దారాలు తెగేది కూడా ఇక్కడే. కొత్త వాలెట్‌కు మొదటి చిల్లర ఎక్స్ఛేంజీ నుంచి వస్తే గీత అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాతి పేరు కేవైసీ ఫైల్లో ఉంటుంది. 2023 మార్చి నుంచి మన దేశంలో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందకు తెచ్చారు కాబట్టి, దర్యాప్తు సంస్థ అడిగితే దొరుకుతుంది. మీకూ నాకూ దొరకదు.

టోర్నడో క్యాష్ లాంటి మిక్సర్లది ఇంకో దారి. 0.1, 1, 10, 100 ఈథర్, ఇలా అందరూ ఒకే సైజు మొత్తాలు వేసి, తర్వాత వేరే చిరునామాతో తీసుకుంటారు. ఏది ఎవరిదో పోల్చుకోవడం గగనం. కాబట్టి గీతలున్నాయంటే అనుమానించొచ్చు గానీ, లేవు గనక అంతా సవ్యమనుకోవడం పొరపాటు. గీత ఉన్నా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ఉచితంగా టోకెన్లు పంచిపెట్టిన వాలెట్‌కు వేలాది అపరిచితులతో గీతలుంటాయి, వాళ్లంతా ఒక ముఠా అయిపోరు.

లిబ్రా లెక్క మొత్తం మీద ఎలా తేలిందో చూడండి. కాగితం మీద విలువ 450 కోట్ల డాలర్లు. బ్లాక్‌చెయిన్ విశ్లేషకుల లెక్కలో లోపలివాళ్ల ఎనిమిది వాలెట్లు బయటికి తీసింది సుమారు 10.7 కోట్లు, అంటే ఆ గొప్ప అంకెలో రెండున్నర శాతం కూడా కాదు. నాన్సెన్ అనే మరో విశ్లేషణ సంస్థ 15 వేలకు పైగా వాలెట్లను పరిశీలిస్తే 86 శాతం నష్టపోయాయి, మొత్తం 25.1 కోట్ల డాలర్లు.

కొన్నిసార్లు బొమ్మతో పనే ఉండదు. 2025 జనవరి 17న వచ్చిన ట్రంప్ టోకెన్‌లో 80 శాతం ట్రంప్ సంస్థ అనుబంధ కంపెనీకీ మరో కంపెనీకీ చెందుతాయని దాని వెబ్‌సైటే చెప్పింది. మొత్తం 100 కోట్ల టోకెన్లు, మొదట బజారులోకి వచ్చినవి 20 కోట్లు, మిగతావి మూడేళ్లలో విడుదలవుతాయి. ధర 70 డాలర్లు దాటిన రోజున 20 కోట్లతో గుణిస్తే 1,400 కోట్ల డాలర్లు, 100 కోట్లతో గుణిస్తే 7,000 కోట్లు. ఒకే టోకెన్‌కు ఆ రెండు విలువలూ పక్కపక్కనే తెరల మీద కనిపిస్తుండగా జనం కొంటూనే పోయారు.