ఒకే సెట్టు భోజనపు కుర్చీలకు వైవిధ్యం కల్పించడం

ఏకత్వం, వైవిధ్యం అనే డిజైను సూత్రాలను మీరు ఇంతకు ముందే చదివారు. వాటిని ఇప్పుడు మీ ఇంటి భోజనాల బల్ల దగ్గర పరిశీలించండి. ఆరు కుర్చీలూ ఒకే పాలిష్‌తో, ఒకే గుడ్డతో ఉంటే చూపు ఎక్కడా నిలవదు. అలాగని ఆరు రకాల కుర్చీలు విడివిడిగా కొంటే ఖర్చు ఎక్కువ, పైగా ఎత్తులు కలవవు. సాధారణంగా బల్ల ఎత్తు 75 సెం.మీ., సీటు ఎత్తు 45 సెం.మీ. ఉంటాయి. ఈ 30 సెం.మీ. తేడా బాగా తగ్గితే మోకాళ్ళు బల్లకు తగులుతాయి. సెట్టు కుర్చీలతో ఆ చిక్కు లేదు. ఆకారం, ఎత్తు ముందే కలిసి ఉన్నాయి కనుక ఏకత్వం ఖర్చు లేకుండా దొరికినట్లే. ఇక మీరు మార్చవలసింది గుడ్డనో, రంగునో మాత్రమే. రెండింటినీ ఆరు విధాలుగా మారిస్తే బల్ల చుట్టూ అంగడి పెట్టినట్లుంటుంది.

గుడ్డతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే నచ్చకపోతే తీసేయవచ్చు. చాలా కుర్చీలలో అడుగున ఉన్న మరలు విప్పితే సీటు ఊడివస్తుంది. 45 సెం.మీ. సీటుకు మడతలతో కలిపి సుమారు 65 సెం.మీ. చదరపు ముక్క కావాలి. పోచంపల్లి ఇక్కత్, కలంకారీ, మంగళగిరి చేనేత - ఏదైనా సరే, నూలు గుడ్డను ముందే తడిపి ఆరబెట్టండి. లేకుంటే తరువాత కుంచించుకుపోతుంది. పలుచని గుడ్డకు అస్తరు వేయండి. ఆరు ముక్కల్లోనూ ఒక రంగు, ఉదాహరణకు నీలం, తప్పక కనిపించాలి. పప్పు, పులుసు ఒలకని భోజనం మన ఇళ్ళలో ఉండదు కనుక తెలుపు జోలికి పోకండి.

రంగు వేయదలిస్తే వర్ణాలు మారినా వాటి విలువ, అంటే లేత లేదా ముదురుతనం, దగ్గరగా ఉండాలి. రంగు నమూనాలను ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. అన్నీ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కనిపిస్తే అవి కలిసిపోతాయి. తరువాత 120 నంబరు, ఆపై 220 నంబరు ఉప్పుకాగితంతో చెక్క చార వెంబడి రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమరు, ఎనామిల్ వేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త ముఖ్యం. గృహోపయోగ రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1న అమలులోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన కుర్చీలను రుద్దితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడు ఎదుగుదలకు హానికరం. అలాంటి కుర్చీలకు గుడ్డ మార్చి ఊరుకోండి. వెనీర్ అతికించిన కుర్చీలనూ గట్టిగా రుద్దకూడదు, పై పొర అరిగిపోయి లోపలి చెక్క బయటపడుతుంది. అసలైన టేకు కుర్చీలకైతే రంగు వద్దనే చెప్పాలి. చారల్లోకి దిగిన ఎనామిల్‌ను తీయడం వడ్రంగికి కూడా కష్టమే.

అభ్యాసం: మీ ఇంట్లోని కుర్చీలను పరిశీలించి, వాటిలో మార్చకుండా ఉంచే అంశం ఏది, మార్చే అంశం ఏది, ఎందుకు అన్నది ఐదు వాక్యాలలో రాయండి.