ఓడ ఎటు పోతోంది?

"పలాయనం" అనే మాటను మనం ఒంటరిగా వాడటం తక్కువ. "పలాయనం చిత్తగించాడు" అంటాము. చిత్తగించడం పెద్దలను గౌరవిస్తూ పలికే మాట. పారిపోయినవానికి దానిని తగిలించడంలోనే మన తెలుగువారి ఎగతాళి అంతా ఉంది. అయితే యుద్ధభూమి నుండి పరుగెత్తేవాడు పదిమందికి కనబడతాడు. ఇంట్లో కుర్చీ కదలకుండా పారిపోయేవానిని గుర్తుపట్టడమే కష్టం. జీవితంలోని బాధ్యతను ఎదుర్కొనలేక ఊహలోనికో, వినోదంలోనికో తప్పుకొనిపోయే ఈ అలవాటునే పలాయనవాదం అంటున్నారు.

సాయంకాలం ఇంటికి వచ్చిన తండ్రి టి.వి. ముందు కూర్చుంటాడు. తల్లి సీరియల్‌లోని కోడలి కష్టాలకు కన్నీరు పెడుతుంది. పిల్లవాడు సెల్‌ఫోనులో ఆటలో మునిగి ఉంటాడు. వీరిలో అలసట తీర్చుకొంటున్నదెవరు, పారిపోతున్నదెవరు? పైకి చూచి చెప్పలేము. మన సంఘాలలో చాలాకాలం నవలను, సినిమాను ఒకే గాటన కట్టి పాపమన్నారు. మేము అంత తేలికగా తీర్పు చెప్పలేము. క్రైస్తవ విశ్వాసి, కథకుడు అయిన టోల్కీన్ 1939లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుతకథలను గురించి ఉపన్యసిస్తూ ఈ చిక్కును విప్పాడు. చెరసాలలో ఉన్నవాడు బయటి లోకాన్ని తలచుకోవడం వేరు, సిపాయి తన దళాన్ని విడిచి పరుగెత్తడం వేరు. ఈ రెంటినీ కలిపివేసి నిందించకూడదన్నది ఆయన వాదం.

పరిశుద్ధ గ్రంథంలో ఓడలో నిద్రపోయినవారు ఇద్దరున్నారు. యోనా నీనెవెకు వెళ్లవలసినవాడు. యొప్పేకు దిగి, తర్షీషుకు పోయే ఓడకు డబ్బు చెల్లించి మరీ ఎక్కాడు. (పారిపోవడానికి ఖర్చు కూడా అవుతుంది!) తుపాను లేచి, నావికులు సరుకులు సముద్రంలో పారవేస్తుంటే అతడు ఓడ దిగువ భాగంలో గాఢనిద్రలో ఉన్నాడు. ప్రభువైన యేసు గలిలయ సముద్రం మీద దోనె అమరమున తలగడ మీద నిద్రించాడు. అక్కడా తుపానే, అక్కడా చుట్టూ భయపడేవారే. నిద్రను చూస్తే తేడా తెలియదు. ఓడ ఎటు పోతోందో చూడాలి. యోనా ఎక్కిన ఓడ అతని పనికి దూరంగా పోతోంది. ప్రభువు ఎక్కిన దోనె అద్దరికి, సమాధులలో తిరుగుతూ రాళ్లతో తన్ను తాను గాయపరచుకొంటున్న ఒక మనుష్యుని వైపు పోతోంది.

మనవారు సాధారణంగా ఎత్తని మాట ఒకటుంది. ప్రార్థన కూటం కూడా తర్షీషు ఓడ కాగలదు. మంచం పట్టిన తల్లిని భార్యకు వదలి వారంలో ఐదు రాత్రులు కూటాలకు తిరిగే సహోదరుడున్నాడనుకోండి. ఎదిగిన కుమార్తెతో కూర్చుని మాట్లాడటానికి జంకి, ఊరూరా మహాసభలకు వెళ్లే పెద్ద ఉన్నాడనుకోండి. టి.వి. చూచేవానిని మందలించే మనం వీరికి వేదిక మీద కుర్చీ వేస్తాము. ప్రభువు మాత్రం ఊరుకోలేదు. తలిదండ్రులకు చెందవలసినదానిని "కొర్బాను" అని, అంటే దేవార్పితమని చెప్పి తప్పించుకొనేవారిని ఆయన గట్టిగానే గద్దించాడు. ఇంట్లో ఆ తల్లి మంచం దగ్గర రాత్రంతా మేలుకొన్న కోడలు మరునాడు అరగంట సీరియల్ చూస్తే, ఆమెను పలాయనవాది అనడానికి మాకు నోరు రాదు.

మరి నిజంగానే పారిపోయినవాని మాటేమిటి? ఏలీయా కర్మెలు పర్వతం మీద అంత విజయం చూచి కూడా యెజెబెలు బెదిరింపుకు పరుగెత్తాడు. దాసుని బెయేర్షెబాలో విడిచి, అరణ్యంలోనికి ఒక దినప్రయాణం పోయి, బదరీ చెట్టు క్రింద కూర్చుని చావును కోరుకొన్నాడు. దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి దూతచేత రెండుసార్లు లేపి తినిపించాడు. నలువది దినాలు నడిచి హోరేబు గుహకు చేరాకనే, ఇక్కడ నీకేమి పని అని అడిగాడు. అదీ రెండుసార్లు అడిగాడు. తాను ఒక్కడే మిగిలానన్నాడు ఏలీయా. అతడు వచ్చిన మార్గాననే తిరిగి వెళ్లమని ఆజ్ఞ అయింది.

అలా తిరిగి వెళ్తుండగా దారిలో, పన్నెండు అరకలతో దుక్కి సాగుతున్న పొలంలో, పన్నెండవ అరక తోలుతున్న ఎలీషా కనిపించాడు.