నొప్పి లేదని ఊరుకోవద్దు



మా ప్రత్తిపాడు ప్రాంతంలో పత్తి తీతలు, మిరప కోతలు వచ్చాయంటే పొద్దున పోయినవారు పొద్దు వాలాకే ఇల్లు చేరతారు. చేలో మరుగుండదని స్త్రీలు నీళ్ళు తక్కువ తాగుతారు. రాత్రికి నడుము నొప్పి అంటూ దుకాణంలో కొన్న నొప్పి బిళ్ళ ఒకటి వేసుకొని పడుకుంటారు.

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక సహోదరుడు, ఉదయం లేవగానే ముఖం ఉబ్బుతోందని, అన్నం సయించడం లేదని చెప్పాడు. "ఎండలో పనిగదా, విశ్రాంతి తీసుకో" అన్నాము. రక్తపరీక్ష చేయించేసరికి డయాలసిస్ తప్పలేదు. ఆనాటి మా మాట ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతూనే ఉంది. అందుకే ఇది వ్రాస్తున్నాము.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు పల్లెలను ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చని సీమ. అక్కడ ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కూల్చింది. రోగులలో అనేకులకు షుగరు లేదు. కారణం ఫలానా అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. శ్రీలంకలోని వరి రైతులలో, మధ్య అమెరికా చెరకు కూలీలలో కూడా ఇటువంటి జబ్బే కనబడింది. కష్టజీవులనే ఎక్కువగా పట్టుకుంటున్నది గనుక మనమూ మేలుకోవాలి.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని వడపోత భాగాలుంటాయి. కొన్ని పాడైతే మిగిలినవి ఆ బరువు మోస్తాయి. కనుక మొదట్లో నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. తరువాత కనిపించే గుర్తులివి:

- ఉదయం కళ్ళ చుట్టూ ఉబ్బు, సాయంత్రం పాదాల వాపు
- మూత్రంలో తగ్గని నురగ, లేదా ఎర్రని రంగు
- రాత్రిళ్ళు పదేపదే మూత్రానికి లేవడం
- నీరసం, ఆకలి మందగించడం, వికారం, ఒళ్ళంతా దురద
- కొత్తగా బి.పి. పెరగడం

ఇవి వేరే జబ్బులలోనూ ఉంటాయి గనుక భయపడనక్కరలేదు, పరీక్ష చేయించాలి. బి.పి. చూపించి, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపిస్తే చాలావరకు తెలిసిపోతుంది. మూత్రం బాగుందని రక్తపరీక్ష మానవద్దు. ఉద్దానం రోగులలో చాలామందికి మూత్రంలో ఆల్బుమిన్ స్వల్పమే. షుగరు, బి.పి. ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చినవారు ఏడాదికొకసారి తప్పక చేయించుకోవాలి.

డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్ళలు, పేరులేని పసరు మందులు మింగవద్దు. చేలోకి నీళ్ళు సరిపడా తీసుకువెళ్ళి, మధ్య మధ్య నీడకు చేరండి. వాపులున్నవారు మాత్రం ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరునే అడగాలి.

ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, తన నీరసాన్ని దాచుకొనే తల్లి ప్రతి ఇంటిలోనూ ఉంటుంది. ఈ వారం ఆమె పాదాలు ఒక్కసారి చూడండి. వేలితో నొక్కితే గుంట పడిందా, మర్నాడే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మావలె ఆలస్యం చేయవద్దు.