మిర్చి శీతల గిడ్డంగులలో విద్యుత్ పొదుపు: ఏ మార్పు ముందు?

గుంటూరు ప్రాంతంలో శీతల గిడ్డంగి మిర్చి మార్కెటింగ్ వ్యవస్థలో విడదీయరాని భాగం. ఫిబ్రవరి నుండి మే వరకు యార్డుకు సరుకు వెల్లువెత్తినపుడు, ధర గిట్టని రైతు తన టిక్కీలను గిడ్డంగిలో ఉంచి తగిన ధర కోసం వేచి చూస్తాడు. గిడ్డంగి నిర్వహణ వ్యయంలో విద్యుత్తుది ప్రధాన స్థానం. ఆ భారం చివరకు అద్దె రూపంలో రైతుపైనే పడుతుంది. అందువలన గిడ్డంగులలో విద్యుత్ పొదుపు యజమానులకే పరిమితమైన అంశం కాదు.

వాణిజ్య భవనాల విద్యుత్ వినియోగంపై మన దేశంలో 2007లో ఇంధన పరిరక్షణ భవన నియమావళి వెలువడింది. 2017లో దానిని సవరించారు. ముందు భవనంలోకి చేరే వేడిని అరికట్టి, ఆ తరువాత యంత్రాలను మెరుగుపరచడం ఇటువంటి ప్రణాళికలలో సాధారణ క్రమం. శీతల గిడ్డంగికి ఈ క్రమం ఎంతవరకు వర్తిస్తుందో లెక్కకట్టి చూడాలి.

పైకప్పు

వెయ్యి చదరపు మీటర్ల పైకప్పుకు 100 మిల్లీమీటర్ల థర్మోకోల్ ఉన్నదని, లోపలి ఉష్ణోగ్రత 6 డిగ్రీలని అనుకుందాం. మండుటెండలో పైకప్పు ఉపరితలం 60 డిగ్రీలకు చేరితే సుమారు 19 కిలోవాట్ల వేడి లోపలికి ప్రసరిస్తుంది. ఎండను పరావర్తనం చేసే తెల్లని పూతతో ఉపరితలం 40 డిగ్రీలకు తగ్గితే వేడి 12 కిలోవాట్లకు దిగుతుంది. పూత వేయకుండా థర్మోకోల్‌కు బదులు అంతే మందంగల పాలీయురిథేన్ ఫోమ్ అమర్చినా దాదాపు ఇంతే తగ్గుతుంది. ఫోమ్ రాత్రివేళ కూడా పనిచేస్తుంది కాని వ్యయం చాలా ఎక్కువ. థర్మోకోల్ తడిస్తే వేడిని నిరోధించే గుణం కోల్పోతుంది. కాబట్టి పూతకు ముందే కప్పు లీకులను సరిచేయాలి.

ఫ్యాన్లు

చల్లని గాలిని గదిలో తిప్పే ఫ్యాన్లు రెండు విధాల ఖర్చు పెంచుతాయి. అవి వాడుకున్న విద్యుత్తంతా చివరకు వేడిగా మారి గదిలోనే మిగులుతుంది. దానిని తొలగించడానికి కంప్రెసర్ మరికొంత పనిచేయాలి. ఫ్యాను వాడే విద్యుత్తు దాని వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే వినియోగం సుమారు 51 శాతానికి పడిపోతుంది.

మూడు యూనిట్ల వేడిని తొలగించడానికి ఒక యూనిట్ విద్యుత్తు అవసరమనుకుంటే, 10 కిలోవాట్ల ఫ్యాన్ల వేగాన్ని ఈ మేరకు తగ్గించడం వలన మొత్తం 6.5 కిలోవాట్లు ఆదా అవుతాయి. ఫ్యాన్లు నిరంతరం తిరిగితే ఇది రోజుకు 156 యూనిట్లు. తెల్లని పూత వలన తీవ్రమైన ఎండ ఉండే ఆరు గంటలలో ఆదా అయ్యేది సుమారు 14 యూనిట్లే. మార్పుల క్రమాన్ని నిర్ణయించవలసినది కిలోవాట్లు మాత్రమే కాదు, అవి పనిచేసే గంటలు కూడా.

కండెన్సర్, తలుపులు

కండెన్సర్ గొట్టాలపై సున్నపు పొర పేరుకొని ఘనీభవన ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కంప్రెసర్ వినియోగం సుమారు 2 నుండి 3 శాతం పెరుగుతుంది. గొట్టాలను శుభ్రపరచడం పెట్టుబడి అవసరం లేని మెరుగుదల. అమ్మోనియా విషవాయువు కనుక శిక్షణ పొందిన సిబ్బందే ఈ పని చేయాలి. సరుకు దించే రోజులలో తలుపులకు ప్లాస్టిక్ తెరలు అమర్చితే వేడిగాలి, తేమ లోనికి రావడం తగ్గుతుంది.

పంట భద్రతే హద్దు

సరుకు నింపే దశలో ఫ్యాన్ల వేగం తగ్గించరాదు. నిల్వ మొత్తం నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరిన తరువాతనే, టిక్కీల మధ్య పలుచోట్ల ఉష్ణోగ్రత, తేమ కొలుస్తూ క్రమంగా తగ్గించాలి. గాలి అందని మూలలో తేమ పెరిగితే బూజు పట్టి కాయ రంగు చెడుతుంది. అప్పుడు ఆదా అయిన విద్యుత్తు కంటే రైతుకు కలిగే నష్టమే అధికం. కాయలను 10–11 శాతం తేమ వరకు ఆరబెట్టి నిల్వకు తెచ్చేలా రైతులకు సూచించడం కూడా ఇందులో భాగమే.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్తలు గిడ్డంగి యజమానులకు మొదట సూచించవలసినది కొత్త యంత్రం కాదు, కొలత. ఫ్యాన్లకు, కంప్రెసర్‌కు వేర్వేరు మీటర్లు అమర్చి ఒక సీజను వివరాలు నమోదు చేస్తే ఏ మార్పు ముందు చేపట్టాలో స్పష్టమవుతుంది. విద్యార్థులకు ఇది చక్కని క్షేత్ర అధ్యయనాంశం. ఆదా అయిన మొత్తంలో కొంత అద్దె తగ్గింపుగా రైతుకు చేరినపుడే ఈ కృషి సార్థకమవుతుంది.