ఒక్క గింజ – కోట్ల కోట్లు

అక్కల్లారా! మన కలమల్ల చెన్నకేశవస్వామి గుడిలో దొరికిన శాసనం సంగతి మీరు వినే ఉంటారు. అది సుమారు క్రీ.శ. 575 నాటిది. మనకు దొరికిన తెలుగు శాసనాల్లో అదే మొదటిది అంటారు. మన మాటను ఆనాడు రాతి మీద నిలిపారు.

మరి లెక్కను? దాన్ని పద్యంలో నిలిపారు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన అనే కవి తెలుగులో గణితం రాశాడు. అందులో చదరంగం లెక్క ఒకటి ఉంది.

చదరంగం పలకకు 64 గళ్లు. మొదటి గడిలో ఒక బియ్యపు గింజ పెట్టండి. రెండో గడిలో రెండు. మూడో గడిలో నాలుగు. ఇట్లా ప్రతి గడికీ రెట్టింపు చెయ్యండి. మొత్తం ఎన్ని గింజలు?

"ఏముందిలే, ఒక మూటెడు" అనిపిస్తుంది. చూద్దాం. కిలోకు సుమారు 40 వేల గింజలు అనుకుందాం.

10 గళ్లకు 1,023 గింజలు. గుప్పెడు.
20 గళ్లకు 10,48,575. సుమారు 26 కిలోలు.
30 గళ్లకు 1,07,37,41,823. సుమారు 27 టన్నులు!
64 గళ్లకు 1,84,46,74,40,73,70,95,51,615.

ఇంత బియ్యం పండాలంటే ఇప్పటి లెక్కన ప్రపంచమంతటికీ సుమారు 900 ఏళ్లు పడుతుంది.

ఈ సంఖ్యలో 20 అంకెలు ఉన్నాయి. ఇంత పొడుగు సంఖ్య రాసేటప్పుడు ఒక అంకె తప్పిపోవచ్చు. మల్లన అంకెలను మాటలుగా చెప్పాడు. చంద్రుడు ఒక్కడే, కాబట్టి చంద్రుడంటే 1. వేదాలు నాలుగు, కాబట్టి వేదమంటే 4. ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పాడు. పద్యం నోటికి వస్తే సంఖ్య కూడా వచ్చినట్టే.

ఈ సంఖ్య గుణాలు చూడండి. చివర 5 ఉంది. కాబట్టి 5తో భాగిస్తే శేషం రాదు. అంకెలన్నీ కూడితే 87. 87ను 3 భాగిస్తుంది. కాబట్టి ఈ సంఖ్యను కూడా 3 భాగిస్తుంది. ఇంకొకటి: 1, 2 కూడితే 3. తరువాతి గడిలో 4. 1, 2, 4 కూడితే 7. తరువాతి గడిలో 8. ఎన్ని గళ్లు కూడినా, మొత్తం తరువాతి గడి కంటే ఒకటే తక్కువ!

ఈ రెట్టింపు పలక మీదే ఉండదు. మన అప్పుల్లోనూ ఉంటుంది. 1,000 రూపాయలు అప్పు తెచ్చామనుకోండి. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ. ఏమీ కట్టకపోతే వడ్డీకి వడ్డీ పడుతుంది. 8 నెలలకు అప్పు 2,144 రూపాయలు. 16 నెలలకు 4,595. 40 నెలలకు 45 వేలు దాటుతుంది!

మొదట్లో చిన్నగానే కనబడుతుంది. గుప్పెడు గింజల మాదిరే. అందుకే నోటు మీద సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడగండి: "వడ్డీకి వడ్డీ ఉందా?" ఉంటే కాగితం తీసుకోండి. నెల నెలా ఎంతవుతుందో మీ చేత్తోనే రాసి చూడండి.