మొలలోతు నీళ్లే కదా!

కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నపాటి పడవ. విశాఖ దగ్గర రుషికొండలో ఈ సరదా ఉంది. అలలు లేనిచోట, మొలలోతు నీళ్లలో భయమేమిటని రోజంతా తిరగాలనిపిస్తుంది.

అలాంటి చోట మీరు లెక్కలోకి తీసుకోని శత్రువు ఎండ. గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోవడంతో ఒళ్లు చల్లగానే ఉందనిపిస్తుంది. నీటిమీద పడి తిరిగొచ్చే ఎండ టోపీ కిందనుంచి కూడా ముఖాన్ని మాడుస్తుంది. దాహం వేసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి 20 నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ మంచిదే. బీరు మాత్రం వద్దు (కుర్రవాళ్లకు ఈ మాట రుచించదు). రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు ముందుగా తమ డాక్టరును అడగాలి.

తలనొప్పి, వికారం అంటే వెంటనే ఒడ్డుకు, నీడకు చేర్చండి. మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బేనని అనుమానించి 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారికి నోట నీళ్లు పోయకూడదు. బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడుపుతూ విసరండి.

లైఫ్ జాకెట్ ఉక్కపోస్తోందని విప్పేస్తారు. సొమ్మసిల్లి బోర్లాపడితే మోకాలిలోతు నీళ్లలోనూ ప్రాణం పోతుంది. వేసవిలో అయితే తెల్లవారగానే బయలుదేరి, తొమ్మిది గంటలకల్లా ఒడ్డుకు వచ్చేయండి.